ఆ బిళ్ల మింగాక లోపల ఏం జరుగుతుంది?

(గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం మన సభల్లో పెద్దగా వినపడేది కాదు. భూమి గురించి మాట్లాడుకుంటాం. కూలి గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. ఇంట్లో ఒక మనిషికి మతి చెదిరితే మాత్రం తలుపు మూసుకుంటాం. "మావాడికి ఒంట్లో బాగోలేదు" అని ఊరుకుంటాం. మనం పేరు చెప్పకపోతే ఊరు ఒక పేరు పెడుతుంది. ఆ పేరు మనిషి చచ్చేదాకా వదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో స్కిజోఫ్రీనియా అనే జబ్బు సుమారు 300 మందిలో ఒకరికి ఉంది. మూడు వేల జనాభా ఉన్న ఊళ్లో పదిమంది అన్నమాట. మీ ఊళ్లో ఆ పదిమంది ఎక్కడున్నారో ఒకసారి మనసులో లెక్కేసుకోండి. కొందరు బస్టాండులో ఉంటారు, కొందరు దర్గా అరుగుమీద, ఇంకొందరు ఇంటి వెనక పాకలో.

జబ్బు ఎందుకొస్తుందనే జోలికి ఇవాళ పోను. అది ఇంకో పూట పని. నేను చెప్పేది బిళ్లల గురించే. ఎందుకంటే నేను తిరిగిన పల్లెల్లో మూడు రకాల మనుషుల్ని చూశాను. "ఆ బిళ్లలు మింగితే మొద్దుబారిపోతాడు" అని భయపడి అసలు మొదలే పెట్టనివాళ్లు. మొదలుపెట్టి, నాలుగో రోజున మెడ వంకర పోతే హడలిపోయి బిళ్లలన్నీ కాలవలో పారేసినవాళ్లు. ఇక మూడో రకం, పదేళ్ల కింద ఎవరో డాక్టరు రాసిన చీటీ పట్టుకుని మందులషాపులో అదే బిళ్ల కొని మింగుతూనే ఉన్నవాళ్లు. మళ్లీ చూసినవాడు లేడు, అడిగినవాడు లేడు. ఈ ముగ్గురికీ జరిగిన అన్యాయం ఒక్కటే. వాళ్లకెవరూ చెప్పలేదు.

ముందు ఈ మందు ఎట్లా పుట్టిందో రెండు మాటలు. దీనికి ఒక వేరు మన నేలలోనే ఉంది. నిజంగానే వేరు. సర్పగంధ అనే మొక్క వేరును పాము కాటుకీ, పిచ్చికీ మన నాటువైద్యులు ఎప్పటినుంచో వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఆ వేరు ఉద్రేకంతో ఊగిపోయే రోగులకు పనిచేస్తోందని, రక్తపోటు తగ్గిస్తోందని రాశారు. దాన్నుంచే 1952లో యూరప్‌లో రిసర్పిన్ అనే సరుకు తీశారు. అదే కాలంలో ఫ్రాన్సులో ఒక కంపెనీ క్లోర్‌ప్రోమజైన్ తయారుచేసింది. అది పిచ్చికోసం తయారైంది కాదు. ఆన్రీ లాబోరీ అనే నౌకాదళ సర్జను ఆపరేషన్ల ముందు రోగుల్ని శాంతపరచటానికి వాడి చూస్తే, మనిషి నిద్రపోకుండానే నిమ్మళించాడు. దాన్ని పట్టుకుని 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అనే డాక్టర్లు మతి చెదిరినవాళ్లకిచ్చారు. ఏళ్ల తరబడి గదుల్లో అరుస్తూ ఉన్నవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు. 1958లో బెల్జియంలో హలోపెరిడాల్ వచ్చింది. ఇవాళ్టికీ మన ప్రభుత్వాసుపత్రుల్లో అది నడుస్తోంది.

ఎందుకు పనిచేస్తుందో మాత్రం వాడినవాళ్లకే తెలీదు. స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త 1957 ప్రాంతంలో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి కదలకుండా కూలబడ్డాయి. డోపమిన్‌గా మారే పదార్థం ఎక్కిస్తే లేచి తిరిగాయి. మెదడులో డోపమిన్ అనేదొకటి ఉందనీ, దానికి సొంత పని ఉందనీ అట్లా తేలింది. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ కుందేళ్లను గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో వాటి పని పడుతుంది.

డోపమిన్ అంటే మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపే రసం. దాని పనుల్లో ఒకటి, "ఇది ముఖ్యం, ఇటు చూడు" అని చెప్పటం. ఆకలేసినోడికి అన్నం వాసన, తల్లికి బిడ్డ ఏడుపు. లోకంలో లక్ష చప్పుళ్లుంటే ఏది పట్టించుకోవాలో అది చెబుతుంది. ఈ జబ్బులో ఆ రసం ఒకచోట అదుపు తప్పుతుంది. అప్పుడు ప్రతిదీ ముఖ్యమైపోతుంది. కాకి అరిస్తే తనకోసమే అరిచిందనిపిస్తుంది. టీకొట్టు దగ్గర ఇద్దరు నవ్వుకుంటే తనని చూసే నవ్వారనిపిస్తుంది. లోపలి ఆలోచనే బయటి గొంతులాగా చెవిలో వినపడుతుంది. ఆ మనిషి అబద్ధమాడటం లేదు. అతనికి నిజంగానే వినపడుతోంది. "ఏం లేదురా, నీ భ్రమ" అని ఎంత చెప్పినా అందుకే ఎక్కదు.

మనకు తెలిసిన భాషలో చెప్తాను. డోపమిన్‌ని కాలవ నీళ్లనుకోండి. ఆ కాలవ కింద నాలుగు మళ్లున్నాయి. మొదటి మడి ఇందాక చెప్పిన 'ఇది ముఖ్యం' అనే మడి. జబ్బులో దీనికి నీళ్లెక్కువై చేను మురుగుతోంది. రెండో మడి కాళ్లూ చేతులూ సాఫీగా కదలటానికి. మూడోది పాల హార్మోనుని అదుపులో పెట్టటానికి. నాలుగోది ఉత్సాహం, ఆలోచన, ఒక పని మొదలుపెట్టాలనే బుద్ధి. ఆ నాలుగో మడికి జబ్బులో ముందే నీళ్లు తక్కువ. మందు చేసేదల్లా మడవ మూయటం. ఏ మడికి మూయాలో దానికి తెలీదు, నాలుగింటికీ మూస్తుంది. స్కానింగుల్లో చూసి లెక్కకట్టారు. మడవలు నూటికి 65 దాకా మూసుకుంటే గొంతులు తగ్గుతాయి. 80 దాటితే రెండో మడి ఎండిపోతుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది. మందు మోతాదు ఆ రెండు అంకెల మధ్య నడిచే గట్టు లాంటిది. "జబ్బు ఎక్కువగా ఉంది, డోసు రెట్టింపు చెయ్" అనటం చాలాసార్లు తెలివైన పని కాదు. లాభం పెరగదు, బాధ పెరుగుతుంది.

ఇంకో మాట. మడవ ఆ రోజే మూసుకుంటుంది గాని మురుగు దిగటానికి టైము పడుతుంది. నిద్ర, కోపం రెండు మూడు రోజుల్లో దారికొస్తాయి. గొంతులు, అనుమానాలు తగ్గటానికి వారాలు పడుతుంది. "పది రోజులు మింగాడు, ఏం లాభం లేదు" అని మానిపించకండి.

ఇక బాధలకొద్దాం. వీటిని సైడ్ ఎఫెక్ట్స్ అంటారు. పక్కనుండేవి అన్నట్టు వినపడుతుంది గాని మింగేవాడికి అవి పక్కనుండవు.

మొదటి వారంలో వచ్చేది మెడ తిప్పేయటం. మెడ ఒకపక్కకి లాక్కుపోతుంది, దవడ పట్టేస్తుంది, నాలుక బయటికొస్తుంది, కళ్లు పైకి తిరిగి గుడ్లు నిలబడిపోతాయి. హలోపెరిడాల్ లాంటి పాతమందు, అందులోనూ సూది వేస్తే, కుర్రోళ్లలో ఇది ఎక్కువ. చూసినవాళ్లకి గుండె ఆగిపోతుంది. ఒక పల్లెలో ఇరవై ఏళ్ల పిల్లాడికి ఇట్లా అయితే దయ్యం తిరగబడిందని వేపమండలతో కొట్టారు. రాత్రంతా కొట్టారు. అది దయ్యం కాదు, కుందేలు. రెండో మడి ఒక్కసారిగా ఎండటం. దీనికి విరుగుడుంది. ఫెనర్గాన్ సూది వేస్తే కాసేపట్లోనే మెడ తిరిగొస్తుంది. తర్వాత ట్రైహెక్సీఫెనిడిల్ బిళ్ల ఇస్తారు, మనవాళ్లు పాసిటేన్ అనేదే. ఇంత చిన్న విరుగుడున్న సంగతి ఇంటికి పంపేటప్పుడు చెబితే ఆ పిల్లాడికి ఆ దెబ్బలుండవు. గొంతు బిగిసి ఊపిరాడకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

రెండోది నా లెక్కలో అన్నిటికన్నా మోసపుది. కాలు నిలవకపోవటం. మనిషి కూచోలేడు, నిలబడలేడు, మంచంమీద పడుకోలేడు. ఇంటికీ వాకిలికీ తిరుగుతూనే ఉంటాడు. బయటికి చూస్తే పిచ్చి ముదిరినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు డాక్టరుకి "ఇంకా తిక్కగా తిరుగుతున్నాడండీ" అని చెప్తారు. ఆయన డోసు పెంచుతాడు. దాంతో కాలు ఇంకా ఆగదు. చచ్చిపోదామనిపించేంత బాధ అది, కొందరు ఆ ప్రయత్నం చేస్తారు కూడా. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "నీకు తిరగాలనిపించి తిరుగుతున్నావా, కూచుందామన్నా కాళ్లు కూచోనివ్వట్లేదా?" రెండోదైతే అది మందు బాధ. డోసు తగ్గించో, మందు మార్చో, ప్రొప్రనొలాల్ ఇచ్చో డాక్టరు సరిచెయ్యొచ్చు. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుపోయినా ఇవాళ మీరొచ్చిన బస్సు ఛార్జీలు గిట్టుబాటైనట్టే.

వారాల మీద వచ్చేది ఒళ్లు కొయ్యబారటం. చెయ్యి వణుకు, చిన్న చిన్న అడుగులు, మొహంలో నవ్వు లేకపోవటం, నోటెంట చొంగ. "మొద్దుబారిపోయాడు" అని ఊరు అనేది దీన్నే. దీనికీ పాసిటేన్ ఇస్తారు. అయితే పాసిటేన్ కూడా ఊరికే చిరుతిండిలాగా మింగేది కాదు. నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, ముసలివాళ్లకు మతిమరుపు, కలవరింత వస్తాయి. అసలు మందు మానేసి పాసిటేన్ ఒక్కటే అడిగి కొనుక్కునేవాళ్లున్నారు, కాస్త హుషారిస్తుందని. షాపువాళ్లు చీటీ అడగరు.

ఏళ్లమీద వచ్చేది నోరు ఆడటం. ఆకులు నములుతున్నట్టు దవడ ఆడుతూనే ఉంటుంది, నాలుక పాములాగా బయటికొచ్చి పోతుంది. పాతమందులు వాడే పెద్దవాళ్లలో ఏడాదికి వందలో సుమారు ఐదుగురికి కొత్తగా ఇది మొదలవుతుందని లెక్క. కొత్తమందులతో తక్కువ, కాని ఉంది. ముసలివాళ్లలో ఎక్కువ. దీనికి పాసిటేన్ పనిచెయ్యదు, పైగా పెంచుతుంది. ముదిరితే మందు ఆపినా పోకపోవచ్చు. అందుకే ఆరు నెలలకొకసారైనా మనిషిని కూచోబెట్టి, నోరు తెరిపించి, నాలుక కదులుతోందా, వేళ్లు కదులుతున్నాయా అని చూడాలి. ఇది మీరూ చూడొచ్చు. దీనికి ఎంబీబీఎస్ అక్కర్లేదు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. మూడో మడి పాల హార్మోనుని ఆపిపెట్టే మడి అన్నాను. మడవ మూస్తే ఆ హార్మోను పెరుగుతుంది. రిస్పెరిడోన్, హలోపెరిడాల్ వాడే ఆడవాళ్లలో నెలసరి ఆగిపోవచ్చు. పెళ్లికాని పిల్లకైనా రొమ్ముల్లో పాలు రావచ్చు. ఇప్పుడు ఊహించుకోండి. ముందే 'మతిలేనిది' అని పేరుపడ్డ పిల్ల. నెలసరి లేదు, జాకెట్టు తడుస్తోంది. ఊరు ఏమంటుంది? తండ్రి ఏం చేస్తాడు? తప్పు చేసిందని తిండి మాన్పించిన ఇల్లు నాకు తెలుసు. గర్భం పరీక్ష చేయిస్తే లేదని తేలింది. అప్పటికి పిల్ల సగమైపోయింది. అక్కల్లారా, ఈ సంగతి మందు మొదలుపెట్టే రోజే తల్లికీ పిల్లకీ ఇద్దరికీ చెప్పండి. డాక్టరుకి చెబితే మందు మారుస్తారు, తగ్గిస్తారు. ఇంకొకటి, నెలసరి రావటం లేదు కదా కడుపు రాదనుకోవద్దు, రావచ్చు.

మగవాళ్లు నోరు విప్పరు. భార్య దగ్గరికి పోలేకపోవటం ఈ మందులతో మామూలుగా వచ్చేదే. అన్నకి సిగ్గు. అందుకని డాక్టరుకి చెప్పడు, తల్లికి చెప్పడు, మందు మాత్రం మానేస్తాడు. మూడు నెలలకి మళ్లీ రోడ్డెక్కుతాడు. మగ కార్యకర్తలు పక్కకి పిలిచి ఈ మాట ముందే మీరే ఎత్తండి.

1990ల్లో రిస్పెరిడోన్, ఓలాంజపిన్ వచ్చాయి. మెడ తిప్పటం, కొయ్యబారటం తగ్గాయి. వాటి బదులు బరువొచ్చింది. ఇవి డోపమిన్ ఒక్కదాన్నే కాదు, ఆకలిని, నిద్రని నడిపే వేరే రసాల్ని కూడా పట్టుకుంటాయి. ఓలాంజపిన్ వేసుకున్నోడికి ఆకలి చల్లారదు. మనింట్లో ఆకలేస్తే ఉండేది రేషన్ బియ్యం. పప్పుకీ కూరకీ డబ్బులేవి? నెలకింత చొప్పున బరువెక్కి షుగరు జబ్బు తెచ్చుకుంటాడు. మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, రక్తంలో షుగరు చూసి రాసిపెట్టుకోవాలి. మూడు నెలలకి మళ్లీ చూడాలి. ప్రైమరీ హెల్త్ సెంటర్లో చేయించొచ్చు.

మత్తు సంగతి మీకే తెలుసు. తెల్లారి నాలుగింటికి నాట్లకి లేవాల్సినవాళ్లు లేవలేరు. "రాత్రి పూట ఒకేసారి వేసుకోవచ్చా?" అని డాక్టర్ని అడగండి, చాలామందికి కుదురుతుంది. మంచంమీంచి లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి, ఒక నిమిషం కూచుని లేవమనండి.

ఎండ. దీని గురించి పుస్తకాల్లో ఒక లైనుంటుంది, మనకైతే ఒక పేజీ ఉండాలి. ఈ మందులు, వీటితో ఇచ్చే పాసిటేన్, ఒంటి వేడిని సర్దుకునే శక్తిని తగ్గిస్తాయి. చెమట సరిగా పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి పనికి, మిరపకాయల కోతకి, ఇటుకబట్టీకి పోయే మనిషి ఈ మందులమీద ఉన్నాడంటే వడదెబ్బ అతనికి అందరికన్నా ముందు తగులుతుంది. క్లోర్‌ప్రోమజైన్ వాడేవాళ్లకి చర్మం కూడా కాలినట్టవుతుంది. మేస్త్రీకి చెప్పి పొద్దున్నే పని చేయించుకుని పది దాటితే నీడకి పంపాలి, నీళ్లు దగ్గరుండి తాగించాలి.

ఇక ప్రాణం మీదికొచ్చేవి రెండు. ఒకటి, మందు మీదున్న మనిషికి బాగా జ్వరమొచ్చి, ఒళ్లు ఇనపకడ్డీలాగా బిగిసి, చెమటలు పోసి, మనిషిని పోల్చుకోలేకపోతున్నాడంటే అది ఉత్త జ్వరం అనుకోకండి. చాలా అరుదుగా వస్తుంది, వస్తే చంపుతుంది. ఆ పూట నుంచే బిళ్ల ఆపి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. చీటీ జేబులో పెట్టుకుని పొండి, అక్కడ మలేరియా మందు రాసి పంపకుండా ఉండాలంటే "ఇతను ఈ మందు వాడుతున్నాడు" అని ముందే చూపించాలి.

రెండోది క్లోజపిన్. మామూలు మందులకి లొంగనివాళ్లు మూడో వంతు దాకా ఉంటారు, వాళ్లకి పనికొచ్చే గట్టి మందు ఇది. 1975లో ఫిన్లాండ్‌లో దీనివల్ల తెల్లకణాలు పడిపోయి కొందరు చనిపోయారు. చాలా దేశాల్లో పక్కన పెట్టేశారు. తర్వాత 1988లో అమెరికాలో జరిగిన పరీక్షలో వేరే మందులకి లొంగనివాళ్లకి ఇది పనిచేస్తుందని తేలి మళ్లీ వచ్చింది. కాబట్టి మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకి చేయించాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆరోజే పరీక్ష. విరోచనం బిగిస్తే తేలిగ్గా తీసుకోవద్దు, క్లోజపిన్‌తో పేగు ఆగిపోయి చనిపోయినవాళ్లూ ఉన్నారు. బీడీ సంగతి కూడా చెప్పాలి. బీడీ పొగ క్లోజపిన్‌ని, ఓలాంజపిన్‌ని ఒంట్లో తొందరగా కరిగిస్తుంది. రోజుకో కట్ట కాల్చేవాడు ఆసుపత్రిలోనో జైల్లోనో ఉన్నపళంగా మానేస్తే అదే డోసు ఎక్కువైపోతుంది. మానెయ్యటం మంచిదే, కాని డాక్టరుకి చెప్పి మానాలి.

ఇన్ని బాధలు విన్నాక "మరి మింగటం ఎందుకు?" అని ఎవరో అడుగుతారు. అడగాలి కూడా. కోలుకున్నవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, మందు ఆపినవాళ్లలో ఏడాది లోపు వందకి 60 మందికి తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో 25 మంది దాకా. అంటే మందు చాలా అడ్డుకుంటోంది. ఆపినా తిరగబెట్టనివాళ్లూ ఉన్నారు. వాళ్లెవరో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. అందుకని ఆపాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి, నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించాలి. కాలవలో పారెయ్యటం కాదు. మళ్లీ జబ్బు మొదలయ్యే గుర్తులు ఇంటివాళ్లకి తెలుసుండాలి. అవి ఎక్కువగా నిద్ర పోవటంతోనే మొదలవుతాయి.

అన్నంలో కలిపి పెట్టేవాళ్లు చాలామంది. తల్లి బాధ నాకర్థమవుతుంది. కాని ఒకసారి బయటపడితే ఏమవుతుంది? "మీరు నాకు విషం పెడుతున్నారు" అనే అతని అనుమానం నిజమైపోతుంది. అదీగాక డాక్టరుకి బాధ చెప్పాల్సిన మనిషికి తాను మందు మింగుతున్నట్టే తెలీదు. రోజూ మింగటం కుదరనివాళ్లకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేసే సూదులున్నాయి. అయితే బాధ వస్తే బిళ్లలాగా రేపటినుంచి ఆపటం కుదరదు. ముందు బిళ్లతో ఒంటికి పడిందో లేదో చూశాకే సూది.

ఇదే మందు బలవంతం చేసేవాడి చేతిలో లాఠీ అవుతుంది. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని ప్రశ్నించిన లియొనీద్ ప్లూష్ అనే గణితవేత్తను పిచ్చాసుపత్రిలో పెట్టి హలోపెరిడాల్ ఇచ్చారు. ఆయన 1976లో విడుదలై వచ్చి లోకానికి చెప్పాడు. మన దగ్గర లాఠీ ఎక్కువగా గొలుసు రూపంలో ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. పారిపోదామన్నా కాళ్లకి ఇనుము.

ఇప్పుడు చట్టముంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. గొలుసుతో కట్టటం 95వ సెక్షను ప్రకారం నిషేధం. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లకి ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం, అది 18వ సెక్షను. 22వ సెక్షనయితే ఇవాళ్టి మన మాటలన్నిటికీ సరిపోతుంది. ఏం జబ్బు, ఏం మందు, దాని సైడ్ ఎఫెక్ట్స్ ఏంటి అనేది రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. డాక్టరు దయతలచి చెప్పటం కాదు, చెప్పి తీరాలి. రెండు నిమిషాల్లో చీటీ గీకి "తర్వాత" అని కేకేస్తే, కుర్చీలోంచి లేవకుండా "ఈ మందుతో ఏం బాధలొస్తాయండీ?" అని అడగండి. మనవాళ్లకి ఆసుపత్రి గదిలో నోరు రాదు. తలుపు దగ్గరే నిలబడి "సరేనండి" అని వచ్చేస్తారు. అందుకే కార్యకర్త పక్కనుండాలి. హలోపెరిడాల్, రిస్పెరిడోన్, క్లోజపిన్ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. "స్టాకు లేదు, బయట కొనుక్కోండి" అంటే అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోండి.

తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకి ఒక్క ముక్క. కల్తీ కల్లులో నిద్రబిళ్లల మందు, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015 సెప్టెంబరులో దాడులు జరిగి ఆ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమందికి వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులు వచ్చాయి. అది స్కిజోఫ్రీనియా కాదు. ఆ మనిషికి ఈ బిళ్లలు వేసి కూచోబెడితే సరిపోదు, ఫిట్స్ ఇంకా పెరగొచ్చు. కల్లు ఎప్పుడు ఆగిందో ముందు అడగండి, ఆసుపత్రిలో చేర్చండి.

ఎర్రగడ్డ, విశాఖ దూరమైనవాళ్లు ముందు జిల్లా ఆసుపత్రికి పొండి. ఫోనులో అడగాలంటే టెలిమానస్ నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.

భోజనాలయ్యాక చీటీలు తెచ్చుకున్నవాళ్లు ఈ పక్కకి రండి. అక్షరాలు అర్థంకాకపోతే బిళ్లల అట్టలైనా సరే. ఏది ఏ మందో ఒక్కొక్కటి చూద్దాం.